గీతలున్న కారే కొనండి

ముందు కారు చూడ్డానికి వెళ్లకండి. ఇంచి టేపు పట్టుకుని మీ గల్లీలోకి దిగండి.

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో, చైతన్యపురిలో ఉంటాడు. ఏడాదిన్నర పాప. "మామయ్యా, కొత్త కారు లీజుకు తీసుకుంటే మంచిదా, సెకండ్ హ్యాండ్‌ది కొంటే మంచిదా?" అని ఫోన్ చేశాడు. ఇరవై రెండేళ్లు బ్యాంకులో వాహన రుణాల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కదా, అక్కడికక్కడే వడ్డీ లెక్కేసి చెబుతాననుకున్నాడు. నేను ఆదివారం పొద్దున్నే టేపు జేబులో వేసుకుని వెళ్లాను. వాళ్ల గేటు స్తంభానికీ ఎదురింటి ర్యాంపుకీ మధ్య ఎనిమిది అడుగుల నాలుగంగుళాలు. అందులోనే కరెంటు స్తంభం, దాన్నానుకుని ఎవరో నిలిపిన రెండు స్కూటీలు, పక్కింటివాళ్ల మనీప్లాంటు కుండీ. వాడు మనసు పడ్డ బ్రెజా వెడల్పు 1790 మిల్లీమీటర్లు, పక్క అద్దాలు కాకుండా. ఇప్పటి వ్యాగన్ ఆర్ 1620. తేడా జానెడు కూడా లేదు. కానీ పొద్దున ఎనిమిదింటికి వాటర్ ట్యాంకర్ రివర్స్‌లో వచ్చేటప్పుడు ఆ కొంచెమే బండిని కాపాడుతుంది.

"మీరు చెప్పేదంతా ఉల్టా ఉంది మామయ్యా" అన్నాడు. ఉల్టాయే. కార్ల విషయంలో అందరూ ఒకరికొకరు అప్పజెప్పుకునే సలహాలున్నాయే, తక్కువ తిరిగింది చూడు, మెరిసేది చూడు, గట్టిగా బేరమాడు అని, వాటిని పట్టుకుని నష్టపోయిన మనుషులు రోజుకొకరు నా బల్ల ముందు కూర్చునేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఉండే మనకు ఆ సలహాలు తిరగేసి వాడుకుంటేనే పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

అందుకే చెబుతున్నాను, గీతలున్న కారే కొనండి.

లీజు కారు మీది కాదు. మూడేళ్లకో నాలుగేళ్లకో తిరిగిచ్చే రోజున ఒకాయన వచ్చి బండి చుట్టూ తిరిగి, బంపరు మీద, తలుపు అంచున, అల్లాయ్ చక్రం మీద ఎక్కడ దెబ్బ కనిపిస్తే అక్కడ రాసుకుంటాడు. మామూలు అరుగుదలకు మించిందంతా మీ ఖాతాలోకే. పీ అండ్ టీ కాలనీలోనో, కొత్తపేట లోపలి గల్లీల్లోనో, కర్మన్‌ఘాట్‌లోనో నాలుగేళ్లు బండి పెట్టి గీత పడకుండా తిరిగివ్వగలరా? గణేశ్ నిమజ్జనం ఊరేగింపులుంటాయి, బోనాలుంటాయి, గోడకు వికెట్లు ఆనించి క్రికెట్ ఆడే పిల్లలుంటారు. వాళ్లందరి మీదా నాలుగేళ్లు అరుస్తూ బతకాలి. ముందే నాలుగు గీతలున్న బండికి ఐదో గీత పడితే రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది మెకానిక్కులకు బాగా తెలుసు. గీతలు దాచిపెట్టలేదంటే దెబ్బలు కూడా దాచిపెట్టలేదనే అర్థం. ఎనిమిదేళ్ల కారు అద్దంలా మెరుస్తోందంటే ఈమధ్యే రంగు వేయించారన్నమాట. ఎందుకు వేయించారో మీకు చెప్పరు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు వేలితో పక్కకు తీసి చూడండి. రంగు తుంపరలు కనిపిస్తే ఆ పక్క పని జరిగింది. బానెట్ ఎత్తి ఫెండరు బోల్టుల తలలు చూడండి, పానా పడ్డ బోల్టు మీద రంగు చెదిరి ఉంటుంది. యాప్రాన్ దగ్గర కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా, గుండ్రంగా ఉంటాయి. గ్యారేజీలో వేసింది గడ్డకట్టిన బెల్లంలా ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక లెక్క. మన దగ్గర లీజు కొత్త మాటేమీ కాదు. కంపెనీలు తమ పెద్ద ఉద్యోగులకు ఎప్పటినుంచో ఇస్తున్నాయి. మామూలు ఇళ్లదాకా వచ్చింది మాత్రం ఈమధ్యే. 2020లో మారుతీ సుజుకి నెలవారీ చందా పద్ధతిని హైదరాబాద్‌కు కూడా తెచ్చింది. డౌన్ పేమెంట్ లేదు, ఇన్సూరెన్సు వాళ్లదే, సర్వీసు వాళ్లదే, మీరు నెలనెలా కట్టి పెట్రోలు పోసుకోవడమే. వినడానికి హాయిగా ఉంటుంది. నెలకు 18 వేలు అనుకుందాం, నాలుగేళ్లకు 8 లక్షల 64 వేలు. ఆ తరవాత చేతిలో తాళం కూడా ఉండదు.

అదే 3 లక్షల 60 వేలు పెట్టి పాతది కొన్నాడనుకుందాం. నాలుగేళ్లకు 2 లక్షలకు అమ్మితే పోయింది లక్షా 60 వేలు. ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి ఏడాదికి 30 వేల చొప్పున లక్షా 20 వేలు. ఏదో ఒక పెద్ద రిపేరు తప్పదు, 50 వేలు పక్కన పెట్టండి. కొన్న సొమ్ము మీద వడ్డీ ఇంకో 60 వేలు. అంతా కలిపితే 3 లక్షల 90 వేలు. నాలుగు లక్షల డెబ్భై నాలుగు వేలు తేడా. మా వాడి భార్య కాలిక్యులేటర్ తీసుకుని నా లెక్క రెండుసార్లు సరిచూసింది, మంచి అమ్మాయి.

కానీ అసలు లెక్క ఇది కూడా కాదు. ఆ కారు ఎంత తిరుగుతుంది? వాడి ఆఫీసు హైటెక్ సిటీలో. చైతన్యపురిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారతాడు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైనప్పటినుంచీ ఈ దారిలో ఎంతోమంది ఆఫీసు ప్రయాణం అదే. కారు తీసేది పాపకు జ్వరం వచ్చినప్పుడు, పెళ్లిళ్లకు, నల్లగొండలో అత్తగారింటికి, సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర అందరితో పాటు బారులు తీరడానికి. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు దాటదు. నాలుగేళ్లకు పదహారు వేలు. లీజు సొమ్మును దాంతో భాగిస్తే కిలోమీటరుకు 54 రూపాయలు పడింది, పెట్రోలు కాకుండా. పాత కారుకు పాతిక లోపే. వారంలో ఐదు రోజులు గేటు ముందు నిలబడే బండికి నెలనెలా కిరాయి కట్టడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

అయితే, జీతంలోంచి లీజు కోత పడి, దాంతో పన్ను బాగా తగ్గే ఉద్యోగులున్నారు. రెండేళ్లలో బెంగళూరుకో విదేశానికో వెళ్లిపోతామని ఖాయంగా తెలిసినవాళ్లున్నారు. వాళ్లకు లీజు సరైనదే. అది కూడా మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు దాటితే ఎక్కువ వసూలు చేస్తారో చదివాకే సంతకం. నంబరు ప్లేటు ఏ రంగో కూడా అడగండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది కిరాయి బండి కింద రిజిస్టరైందని అర్థం.

పాత కారు కొన్నవాడికి మొదటి యజమాని తెలియకుండా ఇచ్చే కానుక ఒకటుంది, దాని సంగతి ఎవరూ మాట్లాడరు. లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు షోరూమ్ ధర మీద 14 శాతం. ఏడు లక్షల బండికి 98 వేలు. ఆయన కట్టేశాడు, అది బండితోపాటే వస్తుంది. లీజులోనైతే ఆ సొమ్ము మీ నెలసరిలోనే ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. కొత్త కారు విలువ ఎంత వేగంగా కరుగుతుందో తెలుసుకోవాలంటే ఏ పెద్దమనిషినీ అడగక్కర్లేదు, ఇన్సూరెన్సు కాగితంలో ఐడీవీ అని, వాళ్లు బండికి కట్టిన విలువ ఉంటుంది, అది చూడండి. ఆర్నెల్లు దాటితే 15 శాతం తరుగు, ఏడాది దాటితే 20, మూడేళ్లు దాటేసరికి 40, నాలుగు దాటితే 50. ఆ కరిగే కాలం వేరేవాళ్ల ఇంట్లో గడిచిపోనివ్వండి.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడు కొత్తదే మేలని అంటున్నారు. కొత్తది తగ్గితే పాతదీ దాని వెనకే దిగుతుంది. జీఎస్టీ తగ్గకముందు నాటి ధర చెప్పేవాడి దగ్గర కూర్చోకుండా లేచి వచ్చేయండి, అంతే.

ఇప్పుడు నేను సొంతంగా దెబ్బతిన్న సంగతి. తక్కువ తిరిగిన కారు కొనకండి. బాగా తిరిగిందే కొనండి.

పద్నాలుగేళ్ల కిందట నేనొక కారు కొన్నాను. ఏడేళ్ల బండి, మీటరు మీద పద్దెనిమిది వేలు. అబద్ధం కాదు, నిజంగానే అంతే తిరిగింది. పెద్దాయన, పెద్దావిడ, గుడికీ ఆస్పత్రికీ తప్ప తీసేవాళ్లు కారు. బంగారం దొరికిందనుకున్నాను. రెండో నెలలో నాగార్జునసాగర్ రోడ్డు మీద, ఎండలో, ముందు టైరు పక్కగోడ చీలిపోయింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. బండిని ఎలా పక్కకు లాగానో నాకిప్పటికీ సరిగా గుర్తులేదు. మెకానిక్ వచ్చి టైరు మీద నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో చేసిన టైరు. నాది బండితోపాటు పుట్టిన టైరే, గాళ్లు నిండుగా ఉన్నాయి, రబ్బరు మాత్రం ఎండిపోయింది. తరవాత వరసగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. బ్యాటరీ పోయింది, వెనక బ్రేకు సిలిండరు తుప్పుపట్టి పట్టేసింది, బానెట్ కింద వైర్లు ఎలుకలు కొరికేశాయి. నిలబడ్డ బండిలో రబ్బరు ఎండుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి.

ఎనిమిదేళ్లలో తొంభై వేలు తిరిగి, ప్రతి పదివేలకూ సర్వీసు బిల్లున్న బండి దీనికంటే వెయ్యిరెట్లు నయం. నిజంగా తిరిగిందో, మీటరు వెనక్కి తిప్పారో ఆ బిల్లులే చెబుతాయి. బిల్లులు లేవంటే బ్రేకు పెడల్ మీద రబ్బరు చూడండి. మీటరు ముప్పై వేలు చూపిస్తూ ఆ రబ్బరు మీద గాళ్లు చెరిగిపోయి ఉంటే అబద్ధం అక్కడే దొరుకుతుంది. బిల్లులు చూసేటప్పుడు పెట్రోలు గొట్టాలు ఎప్పుడు మార్చారో కూడా చూడండి. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్, పాత బండ్ల రబ్బరు దానికోసం చేసింది కాదు. మార్చలేదంటే మార్పించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

మన తూర్పు వైపు వాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "2020 అక్టోబరు 13 రాత్రి ఈ బండి ఎక్కడుంది?" ఆ రాత్రి వాన తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీల్లో కార్లు మునిగాయి, కొన్ని పడవల్లా తేలాయి. ఆ బండ్లన్నీ ఎక్కడికీ పోలేదు. కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మారు. కొన్నవాడు మళ్లీ అమ్మాడు. ఆ తరవాత వానాకాలాల్లోనూ ఏదో ఒక కాలనీలో ఇదే కథ.

మా వాడితో కలిసి నాగోల్ దగ్గర ఒక బండి చూశాం. సీట్లు కొత్త కవర్లు, లోపల నిమ్మ వాసన. నేను డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని మెల్లగా, చివరిదాకా, ఇక రానంతవరకూ లాగాను. మామూలుగా ఎవరూ అంత లాగరు, కడిగేవాళ్లు కూడా. పై మూరెడు శుభ్రంగా ఉంది. అడుగున, లోపల చుట్టుకుని ఉండే భాగంలో, అడ్డంగా ఒక గోధుమరంగు గీత. వేలితో రుద్దితే సన్నటి మట్టి అంటుకుంది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గీత చెబుతోంది, సీటు దాకా. మా వాడు నా వేలు చూశాడు, అమ్మే కుర్రాడు కూడా చూశాడు. ఎవరం ఏమీ అనలేదు. బెల్టు మళ్లీ లోపలికి పోయేటప్పుడు గరగరమంది.

స్టెప్నీ గుంటలో తుప్పు, సీటు కింద పట్టాల స్క్రూల మీద తుప్పు, హెడ్‌లైటు లోపల మసక, ఇవి కూడా చూడండి. ఇంకోటి, మునిగిన బండి స్టార్టు చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు పోయి పట్టేస్తుంది, మామూలు ఇన్సూరెన్సులో ఆ నష్టానికి డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. మన పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లు అది మానుకోవద్దు.

టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డు వెతక్కండి. అమ్మేవాళ్లు పొద్దున ఆరింటికి రమ్మంటారు, కామినేని ఫ్లైఓవర్ ఎక్కించి అవతల దింపుతారు, బండి గాలిలో పోతుంది. మీరు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, ఏసీ వేసి, దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాండు ముందు నుంచి చైతన్యపురి దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకించండి. రేడియేటరు సంగతి, క్లచ్చు సంగతి, ఏసీ సంగతి ఆ ముప్పావుగంటలో బయటపడతాయి. మీ బతుకు నడిచేది ఆ ట్రాఫిక్‌లోనే కదా. తెల్లవారుజామున ఒక్కసారి మాత్రం వెళ్లాలి, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్టు చేయడానికి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడిగా ఉంటే, మీరు రాకముందే దాన్ని బతిమాలి లేపారని అర్థం.

ఎవరి దగ్గర కొనాలి? అమ్ముతున్నందుకు ఇంట్లో ఎవరో ఒకరు బాధపడుతున్న కారు కొనండి. నవ్వుకోవద్దు, నేను చూసిన మంచి బండ్లన్నీ అలాంటివే. పిల్లలు కారు చుట్టూ తిరుగుతుంటారు, ముసలాయన "దాన్ని పొద్దున్నే ఒక్క నిమిషం ఊరికే నడవనివ్వాలి" అని జాగ్రత్తలు చెబుతాడు. వదిలించుకునే తొందర ఉన్న ఇంట్లో ఏదో ఉంది. కాబట్టి మీ కాలనీలో, మీ అపార్టుమెంటులో, గుడి దగ్గర, పాల బూతు దగ్గర చెప్పి పెట్టండి. నెల ఆగితే ఒకటి దొరుకుతుంది. వ్యాపారి అమ్మితే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది ఎటు తిరిగీ మీ ధరలోకే చేరుతుంది. ఇంటివాళ్లు తమ సొంత కారు అమ్ముకుంటే ఆ పన్ను లేదు.

మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. మీకు నచ్చిన మాట చెప్పేవాణ్ణి కాదు, చిటపటలాడేవాణ్ణి. ఆటోనగర్‌లో నాకు తెలిసినాయన ఒకరున్నారు, కింద పడుకుని, టార్చి వేసి చూసి, లేచి బట్టలు దులుపుకుంటూ "వద్దు సార్, ఇది తీస్కుంటే నువ్వు నాకు రోజూ ఫోన్ చేస్తవ్" అంటాడు. వద్దన్నా సరే, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టండి. వద్దన్నందుకు ఇంకో రెండొందలు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

ధర దగ్గర మరీ బేరమాడకండి. నేను బల్ల దగ్గర ఉన్నప్పుడు పదివేలు తగ్గించుకున్నానని మురిసిపోతూ వచ్చి, ఆర్నెల్లు ఆర్సీ కోసం తిరిగినవాళ్లను చూశాను. న్యాయమైన ధర ఒప్పుకోండి. కానీ పదిహేను ఇరవై వేలు ఆర్సీ మీ పేరు మీదికి మారేదాకా ఆపుతానని చెప్పండి, కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. 29, 30 ఫారాలు ఆరోజే పూర్తిచేయండి. ఆర్సీలో బ్యాంకు పేరుంటే ఆ కారు ఇంకా తాకట్టులో ఉన్నట్టే. అప్పు ఎప్పుడో తీరిపోయినా, 35 ఫారం, బ్యాంకు ఎన్‌ఓసీ ఆర్టీఏలో ఇచ్చి ఆ పేరు తీయించని వాళ్లు కోకొల్లలు. చలాన్లు ఎన్నున్నాయో నంబరు కొట్టి అక్కడే చూడండి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదికి మార్చండి. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

అమ్మేవాళ్లకూ ఒక మాట. తాళమిచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటే పని అయిపోయినట్టు కాదు. ఆర్సీలో ఎవరి పేరుందో వాళ్లే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్‌కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మీరు ఎప్పుడో అమ్మేసిన బండి చేతులు మారి మారి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. కాబట్టి ఆ డబ్బు ఆపడం అమ్మేవాడికీ మంచిదే, ఇద్దరూ ఆర్టీఏకు కలిసే వెళతారు.

మా వాడు చివరికి కర్మన్‌ఘాట్‌లో 2016 వ్యాగన్ ఆర్ కొన్నాడు. ఎనభై రెండు వేలు తిరిగింది. ఎడమ తలుపు మీద తాళం చెవితో ఎవరో పిల్లాడు గీసిన నక్షత్రం, వెనక బంపరుకు సొట్ట. అమ్మినాయన బడి పంతులు, కూతురి ఫీజు కోసం అమ్మారు. ఆ అమ్మాయి మేం వెళ్లేదాకా బాల్కనీలోంచి కదల్లేదు.

ఆర్సీ కార్డు పోస్టులో వచ్చిన రోజు సాయంత్రం మేమిద్దరం ఆపిన పదిహేను వేలు పట్టుకుని వెళ్లాం. పంతులుగారు లెక్కపెట్టుకోలేదు. లోపలికి వెళ్లి బీరువా తీసి, చిన్న గుడ్డలో చుట్టిన రెండో తాళం తెచ్చి మా వాడి చేతిలో పెట్టారు. గేటు దాకా వచ్చి, కారు తలుపు మీద చెయ్యి వేసి, "హారన్ నడిమిట్ల నొక్కితే మోగదు బాబూ, ఎడమపక్క నొక్కాలె" అన్నారు.

మా వాడు ఎక్కి ఎడమపక్క నొక్కాడు. పైన బాల్కనీలోంచి ఆ అమ్మాయి చెయ్యి ఊపింది.